చెలకలో మెటల్ డిటెక్టర్ ఊరికే కూస్తోంది, మార్చేయాలా?

నల్లగొండ దగ్గర ఎర్ర చెలకలో పోయిన వెండి పట్టీ వెతుకుతుంటే మీ వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే మామూలు రకం) డిటెక్టర్ అడుగడుగునా కూస్తోందన్నారు. ఇప్పుడే మార్చకండి. ఆ ఎరుపంతా ఐరన్ ఆక్సైడ్. మిషన్ దానికే స్పందిస్తుండొచ్చు.

గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మట్టిని మిషన్ పట్టించుకోకుండా సర్దడం, చేశారా? ఇనప ముక్కలేవీ లేని జాగాలో, మిషన్ అడుగున పళ్లెంలా ఉండే కాయిల్‌ను మోకాలెత్తు నుంచి నేలకు రెండు వేళ్ల ఎడం దాకా దించుతూ లేపుతూ, చప్పుడు మారకుండా అయ్యేదాకా సర్దాలి. సెన్సిటివిటీ ఫుల్లు పెడితే లోతుకు పోతుందనుకుంటాం గానీ, ఇలాంటి మట్టిలో గోలే ఎక్కువ. కాస్త తగ్గించండి. చిన్న కాయిల్ దొరికితే ఇంకా నయం, కింద తక్కువ మట్టిని చూస్తుంది. మోటరు స్టార్టరు, కరెంటు తీగల దగ్గరైతే ఏ మిషనైనా కూస్తుంది.

తర్వాత ఇంట్లో ఉన్న రెండో పట్టీని జానెడు లోతులో పాతి చూడండి (గుర్తుగా పుల్ల పెట్టండి, అదీ పోతే కష్టం!). తెలిసిందంటే మీ మిషన్ చాలు. తెలియకపోతే పల్స్ ఇండక్షన్ (కరెంటును పల్సులుగా పంపి లోహాన్ని పట్టే) రకం ఆలోచించొచ్చు. అది ఎర్రమట్టిని అంతగా లెక్కచేయదు, కానీ మేకుకూ వెండికీ తేడా చెప్పడంలో బలహీనం. ముళ్లకంచె ముక్కలన్నీ తవ్వాల్సిందే.

అన్నట్టు, తవ్వకంలో పాత నాణేల కుండ బయటపడితే, విలువ 10 రూపాయలు దాటితే చాలు, 1878 నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.