గ్రంథి మొత్తం తీయించి పరీక్ష చేయించు

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

సూది పరీక్షలో నాన్నకి లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్, అనుమానం ఉందన్నారని నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. మీ పెదనాన్నకి ఇదే జబ్బు వచ్చినప్పుడు పక్కనే ఉన్నదాన్ని. నాకు తెలిసింది రాస్తున్నాను, నిదానంగా చదువు.

చిన్నప్పుడు నీ కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టేది, గుర్తుందా? అదే లింఫు గ్రంథి, రక్షణ కణాల మకాం. క్రిమి లోపలికి రాగానే అక్కడి లింఫోసైట్లు అనే రక్షణ కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. పనైపోయాక చాలామటుకు చచ్చిపోతాయి, బిళ్ళ కరిగిపోతుంది. లింఫోమాలో అలాంటి ఒక కణంలో జన్యువులు దెబ్బతింటాయి. ఇక దానికి ఆగడం తెలియదు, క్రిమి లేకపోయినా పెరుగుతూనే ఉంటుంది. ఇది అంటుకునే జబ్బు కాదు. నాన్నకి కంచం వేరు పెట్టమని ఎవరన్నా అంటే అస్సలు వినకు.

మీ పెదనాన్నకి మెడ పక్కన నొప్పి లేని గడ్డ వచ్చింది. వేలితో నొక్కితే రబ్బరులా ఉండేది. సాయంత్రమయ్యేసరికి జ్వరం. రాత్రి పట్టిన చెమటకి బనియను పిండితే నీళ్ళు కారేవి. 72 కిలోల మనిషి ఆరు నెలల్లో 63కి వచ్చేశారు. టీబీకీ ఇవే లక్షణాలు కదా, సూది పరీక్ష ఒక్కటే చేసి టీబీ మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు మింగినా గడ్డ పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆ రెండు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అందుకే చెబుతున్నాను. సూదితో కాసిని కణాలే వస్తాయి, గ్రంథి లోపలి అల్లిక కనపడదు. వీలైతే గ్రంథి మొత్తం తీసి బయాప్సీ చేయమని డాక్టరుగారిని అడుగు. అది కాకముందే ఎవరైనా స్టెరాయిడ్ రాస్తే, ఆగవచ్చేమో కనుక్కో. స్టెరాయిడ్‌తో గడ్డ తగ్గినట్టే తగ్గి రిపోర్టు తారుమారవుతుంది.

రిపోర్టులో లింఫోమా అని ఒక్క మాట ఉంటే చాలదు, ఏ రకమో పూర్తి పేరు ఉండాలి. 1832లో లండన్‌లో థామస్ హాడ్కిన్ వర్ణించిన రకం ఒకటి, మిగతావన్నీ నాన్ హాడ్కిన్. వాటిలో మళ్ళీ ఎన్నో రకాలు. ఇమ్యునో పరీక్షలో కణం పైన సిడి20 లాంటి గుర్తులు చూసి తేలుస్తారు. మీ పెదనాన్నది బి కణాలనే ఒక జాతి లింఫోసైట్లలో పుట్టి వేగంగా పెరిగే రకం, వెంటనే వైద్యం మొదలుపెట్టారు. మెల్లగా పెరిగేవి కొన్నిటికి మందే ఇవ్వకుండా గమనిస్తూ ఉంటారు. అలా చెబితే పట్టించుకోవడం లేదని అనుకోవద్దు. నాలుగో స్టేజి అన్నా కుప్పకూలిపోకు. ఈ జబ్బులో ఆ స్టేజిలోనూ నయమైనవాళ్ళు ఎందరో ఉన్నారు.

మీ పెదనాన్నకి 21 రోజులకొకసారి, ఆరుసార్లు కీమో ఇచ్చారు. దాంతోపాటు సిడి20ని పట్టుకునే రిటుక్సిమాబ్ అనే మందు. విదేశీ మందు కొనలేని రోజుల్లో, 2007లో, మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు దాన్ని ఇక్కడే తయారుచేసి తెచ్చారు. అది ఎక్కించే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. కీమోలో డాక్సోరుబిసిన్ అనే ఎర్ర మందు ఎక్కించేవాళ్ళకి ముందు గుండెకి ఎకో తీస్తారు. ఎక్కించాక మూత్రం ఒకటి రెండు రోజులు ఎర్రగా వస్తుంది, కంగారుపడకు. కంగారుపడాల్సింది జ్వరానికి. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరుగెత్తు.

ఆరోగ్యశ్రీ కార్డు, పాత రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టుకో. ఇంకో డాక్టరుకి చూపించాలంటే బయాప్సీ స్లైడ్లు, గ్రంథి ముక్కని దాచిన మైనపు బ్లాకులు అడిగి తెచ్చుకోవచ్చు, మొహమాటపడకు.

శనివారం బస్సుకి వస్తున్నాను. బయాప్సీకి నాన్న పక్కన నేనుంటాను, నువ్వు ఆ పూట కాస్త నిద్రపో. అమ్మతో నేను మాట్లాడతాలే.

నీ పెద్దమ్మ