కాలేజీ జట్టు పై డివిజన్‌కి వెళ్తే స్టేడియం నిండుతుందా? గేటు దగ్గర టికెట్లు స్కాన్ చేసినవాడి జవాబు

ప్రశ్న ఇదీ: "మా అబ్బాయి చదివే అమెరికా యూనివర్సిటీ ఫుట్‌బాల్ (కాలితో ఆడే సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే వాళ్ళ ఆట) జట్టు కింది డివిజన్ నుంచి పై డివిజన్‌కి మారుతోందట. ఆ ఊళ్ళో అభిమానులు రెండు వర్గాలై తిట్టుకుంటున్నారని చెబుతున్నాడు. పెద్ద జట్లతో ఆటలు పడతాయి, జనం విరగబడతారని ఒక వర్గం. టికెట్ రేట్లు పెరుగుతాయి, స్టేడియం ఖాళీ అవుతుందని ఇంకో వర్గం. ఎవరి మాట నిజం?"

నేను చూసినంతలో రెండో వర్గం మాటే ఎక్కువ నిజమైంది. కాకపోతే వాళ్ళు చెప్పే కారణం తప్పు. జనం తగ్గింది టికెట్ రేటు వల్ల కాదు. ఎదురు జట్టు ఎవరు, ఆట ఏ రోజు ఎన్ని గంటలకు అన్న దాని వల్ల.

ముందు నా సంగతి. మాది ఖమ్మం. మాస్టర్స్‌కి టెక్సాస్‌లో ఒక చిన్న ఊరికి వెళ్ళాను. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలు క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు కదా, లైబ్రరీ, కెఫెటేరియా ఉద్యోగాలన్నీ అప్పటికే మన సీనియర్ల చేతుల్లో ఉన్నాయి. మిగిలింది శనివారాలు స్టేడియం గేటు దగ్గర నిలబడే పని. చేతిలో ఫోన్ సైజు స్కానర్, మెడలో పసుపు పట్టీ. టికెట్ మీద కోడ్ చూపిస్తే పచ్చ లైటు వెలిగి "టింగ్" అంటుంది, అప్పటికే వాడేసిన టికెట్ అయితే ఎర్ర లైటు. సెప్టెంబరు ఎండలో ఆ తెర మీద ఏ లైటు వెలిగిందో కనపడక, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాళ్ళం. నేను చేరినప్పుడు మా కాలేజీ డివిజన్ 2లో ఉండేది, నేనుండగానే డివిజన్ 1కి మారింది. చదువయ్యాక డల్లాస్ వైపు ఉద్యోగం దొరికింది, ఇప్పుడు ఏడాదికి రెండు మూడు ఆటలకు డబ్బు పెట్టి టికెట్ కొని వెళ్తున్నాను. కాలేజీ పేరు మాత్రం చెప్పను, ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి కనుక.

మన వాళ్ళకు ముందు అర్థం కావాల్సింది ఈ "పై డివిజన్" అన్న మాట. రంజీ ట్రోఫీలో హైదరాబాద్ 2022-23లో ఎలైట్ గ్రూపులో అట్టడుగున మిగిలి ప్లేట్ గ్రూపుకి పడిపోయింది. మరుసటి ఏడాది తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 366 కొట్టడం, జట్టు ప్లేట్ గెలిచి మళ్ళీ పైకి రావడం మనం చూశాం. ఆడితే ఎక్కుతావు, ఓడితే దిగుతావు. అమెరికా కాలేజీల్లో అది లేదు. ఎన్ని ట్రోఫీలు గెలిచినా ఎవరూ పైకి తీసుకుపోరు, ఎన్ని ఓడినా ఎవరూ కిందికి దించరు. కాలేజీయే నిర్ణయించుకోవాలి, పైన ఉన్న ఏదో ఒక కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు) రమ్మని పిలవాలి, ఫీజు కట్టాలి. డివిజన్ 1లోనే రెండంతస్తులు. కిందిది ఎఫ్‌సీఎస్, పైది ఎఫ్‌బీఎస్. ఆ పై అంతస్తు ఎక్కడానికి దరఖాస్తు ఫీజు 2023 దాకా 5 వేల డాలర్లు, ఆ ఏడాది ఒక్కసారిగా 50 లక్షల డాలర్లు చేశారు. ఇక ఆటగాళ్ళ ఖర్చు. 2024 సీజన్ దాకా ఉన్న లెక్క ప్రకారం డివిజన్ 2లో ఫుట్‌బాల్‌కి 36 స్కాలర్‌షిప్పులు, ఎఫ్‌సీఎస్‌లో 63, ఎఫ్‌బీఎస్‌లో 85. ఒక్కో మెట్టుకీ ఎంత పెరుగుతుందో చూడండి. ఆట మీద వచ్చే నిర్ణయం కాదు ఇది, బడ్జెట్ మీద వచ్చేది. అందుకే అభిమానులు అంతగా కొట్టుకుంటారు. మైదానంలో తేలే విషయమైతే గొడవే ఉండదు.

ఇప్పుడు జనం లెక్క. మైకులో "ఈరోజు హాజరు ఇంత" అని చెబుతారే, అది చాలా చోట్ల అమ్మిన టికెట్లు, ఊరికే పంచిన టికెట్లు, ఒక్కోసారి బ్యాండు వాళ్ళు, పనివాళ్ళు కూడా కలిపిన సంఖ్య. గేట్లో టింగ్ అన్న లెక్క వేరే. మూడో క్వార్టర్ అయ్యాక మా సూపర్‌వైజర్ స్కానర్లన్నీ వెనక్కి తీసుకుని అంకెలు రాసుకునేది. ఆ కాయితం చూసి, తర్వాత మైకులో చెప్పింది విని మేం ముఖముఖాలు చూసుకునేవాళ్ళం. మా ఊరి వింత అనుకున్నాను కానీ, 2018లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక పెద్ద పెద్ద యూనివర్సిటీల లెక్కలు తీసింది. 2017 సీజన్‌లో ప్రకటించిన హాజరులో నిజంగా గేటు దాటింది సగటున 71 శాతమే అని తేలింది. కాబట్టి మీ అబ్బాయి ఊళ్ళో "పోయినేడు కంటే జనం పెరిగారు" అని ఎవరైనా పేపరు చూపించి వాదిస్తే, ఆ అంకెను కొంచెం చూసీ చూడనట్టు వదిలెయ్యమనండి.

డివిజన్ మారిన మొదటి ఏడాది మాకు మొదటి ఆటకి గేటు దగ్గర లైను పార్కింగ్ దాకా పోయింది. కొత్త జెర్సీలు, కొత్త లోగో, బాణసంచా. రెండో ఆటకి సగం. మూడోది గురువారం రాత్రి పెట్టారు, టీవీ కోసం. ఆ రోజు నా గేట్లో కుర్చీ వేసుకుని అసైన్‌మెంట్ రాసుకున్నాను.

ఒక పెద్దాయన వచ్చేవాడు ప్రతి ఆటకీ. చేతిలో కాలేజీ రంగు వెలిసిపోయిన కుషన్, జేబులో పాత రేడియో. టికెట్ ఫోన్లో చూపించడం రాక ప్రతిసారీ నాకే ఫోన్ ఇచ్చేసేవాడు, నేనే వెతికి తీసి స్కాన్ చేసేవాణ్ణి. ఆ గురువారం ఆయన కూడా ఒక్కడే వచ్చాడు. మిగతా వాళ్ళేరీ అని అడిగితే, వాళ్ళంతా పొద్దున్నే పనికి పోవాల్సిన వాళ్ళు, గంటన్నర డ్రైవ్ చేసి వచ్చి అర్ధరాత్రి ఇంటికి చేరమంటే ఎలా అన్నాడు. తర్వాత ఆ రోజు ఎదురు జట్టు పేరు చూపించి, ఈ కాలేజీ ఏ రాష్ట్రంలో ఉందో నీకు తెలుసా అన్నాడు. నాకు తెలీదు. ఆయనకీ తెలీదు. అంతకు ముందు దాకా ప్రతి ఏడాదీ ఆడే పక్క ఊరి కాలేజీ అయితే, ఆ జట్టులో ఆయన మేనల్లుడి కొడుకు ఆడాడట. ఆ ఆట రోజు రెండు ఊళ్ళ చర్చిలూ, బార్బెక్యూ కొట్లూ అన్నీ పార్కింగ్ లాట్‌లోనే ఉండేవి. డివిజన్ మారగానే ఆ ఆట షెడ్యూల్ నుంచి పోయింది.

మా ఊరొక్కటే కాదు. టెక్సాస్‌లోనే హంట్స్‌విల్‌లో ఉన్న శామ్ హ్యూస్టన్ స్టేట్ 2023లో ఎఫ్‌బీఎస్‌కి ఎక్కింది. అంతకు రెండేళ్ళ ముందే ఎఫ్‌సీఎస్ ఛాంపియన్. నాకోడోచెస్‌లోని స్టీఫెన్ ఎఫ్ ఆస్టిన్ కాలేజీతో దానికి దశాబ్దాల పోటీ ఉంది, హ్యూస్టన్‌లో ఎన్‌ఆర్‌జీ స్టేడియంలో ఏటేటా జాతరలా జరిగేది. పైకి ఎక్కాక ఆ వార్షిక పోటీ ఆగిపోయింది. కొత్త కాన్ఫరెన్స్‌లో ఎదురు జట్లు వర్జీనియాలో, మియామీలో, న్యూమెక్సికోలో ఉంటాయి. పైగా ఆ కాన్ఫరెన్స్ అక్టోబరు ఆటలను మంగళ, బుధ, గురువారాలకు నెట్టింది, శనివారం పెద్ద జట్ల మధ్య టీవీలో చోటు దొరకదని. జట్టు మాత్రం బాగుపడింది. మొదటి ఏడాది 3 గెలుపులు, రెండో ఏడాది 10 గెలుపులు, న్యూ ఆర్లీన్స్ బౌల్ కూడా కొట్టింది (బౌల్ అంటే సీజన్ చివర బాగా ఆడిన జట్లను పిలిచి ఆడించే ఆట). అంటే పైకి ఎక్కడం తప్పని నేననను. ఆటగాళ్ళకు మంచిది కావచ్చు, కాలేజీ పేరుకి మంచిది కావచ్చు. బుధవారం రాత్రి నాచోస్ అమ్ముకునే వాడికి మాత్రం కాదు.

శనివారం ఆటలకూ ఇంకో బాధ ఉంది. ఆట ఎన్ని గంటలకో టీవీ వాళ్ళు మామూలుగా 12 రోజుల ముందు చెబుతారు, కొన్నింటికి 6 రోజుల ముందే. పొద్దున 11కా, రాత్రి 7కా తెలీకుండా నాలుగు గంటల దూరం నుంచి వచ్చేవాడు హోటల్ ఎలా బుక్ చేసుకుంటాడు? పెళ్ళి ముహూర్తం వారం ముందు చెప్పినట్టుంటుంది.

ఇక "పెద్ద జట్లతో ఆటలు" అన్న ఆశ. అవి పడతాయి, నిజమే. కానీ మన ఊళ్ళో కాదు, వాళ్ళ ఊళ్ళో. పెద్ద కాలేజీ చిన్న కాలేజీకి డబ్బిచ్చి పిలిపించుకుని ఓడిస్తుంది. ఒక్కోసారి బెడిసికొడుతుంది కూడా. 2007లో అప్పలాచియన్ స్టేట్ ఎఫ్‌సీఎస్‌లో ఉండగానే 4 లక్షల డాలర్లు పుచ్చుకుని మిషిగన్‌కి వెళ్ళి 34-32తో గెలిచింది. పైకి ఎక్కాక 2022లో టెక్సాస్ ఏ అండ్ ఎం దగ్గర 15 లక్షలు పుచ్చుకుని 17-14తో వాళ్ళనీ కొట్టింది. ప్రతి చిన్న కాలేజీ అభిమానీ ఈ రెండు కథలే చెబుతాడు. 50 పాయింట్ల తేడాతో ఓడి, చెక్కు తీసుకుని బస్సెక్కిన కథలు ఎవరూ చెప్పరు, మాకు అలాంటివి బోలెడు.

టికెట్ల సంగతి. మాకు టికెట్ రేటు పెరిగింది, అబద్ధం చెప్పను. కానీ కొన్నవాడిని అడిగితే టికెట్ గురించి కాదు, చుట్టూ ఉన్నవాటి గురించి తిడతాడు. ఆన్‌లైన్ ఫీజు, పార్కింగ్, లోపల నీళ్ళ సీసా. సీజన్ టికెట్ వాళ్ళకైతే మంచి సీటు అట్టే పెట్టుకోవాలంటే అథ్లెటిక్స్ నిధికి "విరాళం" ఇవ్వాలి. గుళ్ళో ప్రత్యేక దర్శనం లాంటిదే అనుకోండి. ఒకప్పుడు ఆ విరాళంలో 80 శాతానికి పన్ను మినహాయింపు ఉండేది, 2018 నుంచి అదీ తీసేశారు. మా పెద్దాయన మైదానం నడిమధ్య, యాభై గజాల గీత దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్న సీటుకి విరాళం అడిగారు. ఇవ్వలేదు.

అసలు టికెట్ కొనకుండానే డబ్బు కట్టే వాళ్ళు ఇంకొకరున్నారు, మీ అబ్బాయి లాంటి విద్యార్థులు. ఆటకి ఫ్రీ అంటారు. ఫీజు బిల్లులో అథ్లెటిక్స్ పేరుతో ఒక గీత ఉంటుంది చూడమనండి, చాలా చోట్ల ఉంటుంది. మా రూమ్మేట్లు నలుగురిలో ముగ్గురు ఒక్క ఆటా చూడకుండానే డిగ్రీ పట్టుకెళ్ళారు. ఆ గీత కింద నలుగురమూ సమానంగానే కట్టాం.

దిగడం కూడా సాధ్యమేనా అంటే, ఐడహో యూనివర్సిటీ చేసి చూపించింది. వాళ్ళు ఎఫ్‌బీఎస్‌లో ఉండి అలబామా, జార్జియా దాకా ఎగిరి ఆడేవాళ్ళు. కాన్ఫరెన్స్ ఒప్పందం పొడిగించనన్నాక 2016లో కిందికి దిగుతామని ప్రకటించారు, 2018లో దిగారు. ఎఫ్‌బీఎస్ నుంచి తమంతట తాము దిగిన మొదటి కాలేజీ అదే. అభిమానులు అవమానమన్నారు. తమాషా ఏమిటంటే దిగుతామని ప్రకటించిన ఏడాదే ఆ జట్టు పొటాటో బౌల్ గెలిచింది. దిగాక వాళ్ళకు దక్కింది పక్క రాష్ట్రం మోంటానాతో పాత పోటీ. మిజౌలాలో మోంటానా స్టేడియం ఎఫ్‌సీఎస్‌దే, పాతిక వేల మంది పడతారు, కొందరు ఎఫ్‌బీఎస్ వాళ్ళు చూసి కుళ్ళుకునేంత జనం. 2022లో ఐడహో అక్కడికే వెళ్ళి గెలిచింది.

డల్లాస్ పక్కనే ఉన్న మా ఫ్రిస్కోలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. 2025 జనవరి దాకా ఏళ్ళ తరబడి ఎఫ్‌సీఎస్ ఫైనల్ ఇక్కడే జరిగింది. నార్త్ డకోటా స్టేట్ అభిమానులు మంచులోంచి వెయ్యి మైళ్ళు కార్లలో వచ్చి, ఇండియన్ గ్రోసరీ పక్క హోటళ్ళన్నీ ఆకుపచ్చ, పసుపు చొక్కాలతో నింపేసేవాళ్ళు. ఆఖరిసారి మోంటానా స్టేట్ మీద 35-32తో పదో టైటిల్ కొట్టారు. కింది అంతస్తు అని వాళ్ళెవరికీ చిన్నతనం కనిపించలేదు.

రేటే కారణమనేవాళ్ళకి ఇంకొక్కటి. టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం కాన్ఫరెన్స్ గొడవల్లో 2011 తర్వాత ఒకదానితో ఒకటి ఆడటం మానేశాయి. 2024 నవంబరు 30న మళ్ళీ ఆడితే లోపలికి అడుగు పెట్టడానికే వందల డాలర్లయింది. అయినా లక్ష మందికి పైగా వచ్చారు. మా ఆఫీసులో ఒకాయన కొడుకు ఒక కాలేజీ, కూతురు ఇంకో కాలేజీ. మేనేజరు దగ్గర సెలవు అడుగుతూ, కుటుంబ కలహమని రాశాడు.

మీ అబ్బాయికి చెప్పండి: షెడ్యూల్ వచ్చాక డివిజన్ పేరు చూడొద్దు. ఇంటి దగ్గర ఆడే ఆటల్లో శనివారాలెన్ని, రెండు గంటల డ్రైవ్‌లో ఉన్న ఊళ్ళెన్ని అని లెక్కపెట్టమనండి. నాలుగు దాటితే ఊరు బతికినట్టే.

పోయిన అక్టోబరులో హోమ్‌కమింగ్‌కి, అంటే పాత విద్యార్థులంతా తిరిగొచ్చే ఆటకి, వెళ్ళాను. మా పెద్దాయన యాభై గజాల గీత దగ్గర లేడు. గోల్ వెనకాల గడ్డి దిబ్బ మీద, చవక టికెట్ల వైపు, అదే కుషన్ వేసుకుని రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టి ఫోన్ చేతిలో పెట్టాడు, వచ్చే ఆట టికెట్ ఎక్కడుందో వెతకమని. బయటికి వస్తుంటే నేను నిలబడిన గేటు దగ్గరే స్కానర్ పట్టుకుని ఒక కుర్రాడున్నాడు, గుంటూరు అట. తమ్ముడూ, ఎంత వచ్చింది ఇవాళ అన్నాను. చెయ్యి అడ్డం పెట్టుకుని తెర చూసి, "నా గేట్లో ఆరొందలు కూడా దాటలేదన్నా. కానీ పోయిన గురువారం కంటే నయం, ఆ రోజు అసైన్‌మెంట్ మొత్తం అయిపోయింది" అన్నాడు.