ఆటగాడా, క్రీడాకారుడా?

సందేహం: ‘ఫింపెన్’ అనే స్వీడన్ సినిమా గురించి రాస్తూ, అందులో జాతీయ జట్టుకు ఫుట్‌బాల్ ఆడే ఆరేళ్ల పిల్లవాణ్ని ‘ఆటగాడు’ అన్నాను. గాడు అనడం చులకన, ‘క్రీడాకారుడు’ అని దిద్దుకో అన్నాడు మా మిత్రుడు. ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడికి గాడు వినగానే సుబ్బిగాడు గుర్తొచ్చినట్టున్నాడు. పేరుకు తగిలించే గాడు వేరు. ఇక్కడున్నది కాడు. చెలికాడు, విలుకాడు అన్నప్పుడు కకారం నిలిచింది. ఆటగాడు, మొనగాడు అన్నప్పుడు గకారమైంది. మొన అంటే యుద్ధంలో ముందు వరస. అక్కడ నిలబడ్డవాడిలో చులకన ఎక్కడుంది?

‘ఆడు’కు ఊపిరాడటం నుంచి సినిమా ఆడటం దాకా అర్థాలున్నాయి. పెళ్లాడటం, పోట్లాడటం రెండూ ఈ గూటివే. వరస కూడా అదేనేమో! నాకు ఇష్టమైన అర్థం మాత్రం నాట్యం. ఆటవెలది అంటే నర్తకి. వేమన్న పద్యాలు చాలావరకు ఆ పేరున్న ఛందస్సులోనే నడిచాయి. ‘అనగననగ రాగ మతిశయిల్లుచునుండు’ అని పైకి చదవండి. మూడు సూర్యగణాలు పొట్టి అడుగులు, ఆపైన రెండు ఇంద్రగణాలు బారు అంగలు. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అనేసరికి అయిదూ పొట్టి అడుగులే. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పెద్దవాళ్లను తప్పించుకుపోయే మీ బుడంకాయ నడక అచ్చం ఇదే.

ఆ పద్యంలోనే ‘సాధనమున పనులు సమకూరు ధరలోన’ అన్నాడు వేమన్న. 1974లో బూ వీడర్‌బెర్గ్ తీసిన ఈ సినిమా ఆ మాటతో సరసమాడుతుంది. గోల్‌కీపర్ రోనీ హెల్‌స్ట్రమ్, రాల్ఫ్ ఎడ్‌స్ట్రమ్ లాంటి అసలు జాతీయ జట్టువాళ్లే తమ పాత్రల్లో కనిపిస్తారు. వాళ్లు ఏళ్ల తరబడి చేసిన సాధన ఈ పిల్లవాడికి అక్కర్లేదు. అక్షరాల దగ్గరే వాడికి టెన్షన్. ఆటోగ్రాఫ్ అడిగితే పేరు రాయడం రాదు. చివరికి చదువు కోసం ఆటే మానేస్తాడు. వేమన్న వేపాకు వాడికి పలక మీద ఎదురైందన్నమాట.

ఇక క్రీడాకారుడు. కుంభకారుడు కుండ చేస్తాడు, గ్రంథకారుడు గ్రంథం రాస్తాడు. మరి ఈయన క్రీడను తయారుచేస్తాడా? మాట పొడుగైతే మర్యాద పెరుగుతుందన్న భ్రమ మన పత్రికలను వదలడం లేదు. అలాగని తీసిపారేయను. ఆటగాడికి స్త్రీలింగం వెతికితే, చెలికత్తెలాగే ఆటకత్తె కూడా మనకున్న మాటే. అయితే అది నర్తకికి స్థిరపడింది, ఇవాళ మైదానంలో ఎవరినైనా అలా పిలిస్తే ఊరుకోరు. ‘మహిళా ఆటగాడు’ అని రాసేవాళ్లూ తయారయ్యారు, దానికంటే క్రీడాకారిణి వెయ్యి రెట్లు నయం. వాడుకలో పాతుకుపోయిన మాటను పీకడం నా వల్ల కాదు.

మీ పిల్లవాణ్ని ఆటగాడనే ఉంచండి. మీ మిత్రుడు మరీ పట్టుబడితే జట్టులోని పెద్దవాళ్లను క్రీడాకారులనండి, నాకు అభ్యంతరం లేదు.