సెలవులకి ఊరెళ్ళడం దండగ అనేవాళ్ళకి

ఏడాదికి దొరికేది ఒక్క వారం సెలవు, దాన్ని సొంతూళ్ళో చుట్టాలు, పాత స్నేహితుల మధ్య గడిపేస్తే దండగ కదా, టూర్ వెళ్తే మేలు కదా అని అడిగారు. దండగ కాదు. రెండు రోజులకని వెళ్తే మాత్రం దండగే. కనీసం ఐదు రాత్రులు ఊళ్ళో పడుకోవాలి. మొదటి రెండు రోజులూ మనం చుట్టాలమే. మూడో రోజుకి గానీ ఇంట్లోవాళ్ళు మన ముందు మామూలుగా మాట్లాడుకోరు.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. పదహారేళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఊరి పేరు చెప్పగానే "అయితే మీరు ఒరియా వాళ్ళా?" అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు, తెలుగు వైపు ఉండిపోయింది. మా ఇంట్లో తెలుగే, బజార్లో రెండూ. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటో పెట్టి తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటారు కదా, ఆయన 1880లో ఉద్యోగంలో చేరి దశాబ్దాలపాటు పిల్లలకి పాఠాలు చెప్పింది మా ఊళ్ళోనే. ఈ మాట చెప్తే ఆఫీసులో ఒక్కరూ నమ్మరు. నాకు చాలా బాధగా ఉంటుంది.

ప్రయాణానికే రానూపోనూ రెండు రోజులు పోతాయి. చిన్నప్పుడు నౌపడలో చిన్న రైలు ఎక్కేవాళ్ళం. 1900లో మొదలైన లైను అది. 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు. ఇప్పుడు నేను రాత్రి రైలుకి పలాసలో దిగి బస్సెక్కుతాను. ఎండాకాలంలో ఆ బస్సులో పిల్లలతో, సామానుతో కూర్చుంటే ఒంట్లో నీరంతా పోతుంది. అయినా సరే వెళ్ళాలి.

మొన్న మేలో వెళ్ళినప్పటి సంగతి చెప్తాను. మూడో రోజు పొద్దున్న అమ్మతో కిరాణా కొట్టుకి వెళ్ళాను. సరుకుల చీటీ మా అన్నయ్య కూతురు రాసింది. ఏడో క్లాసు, చదువంతా ఒరియాలో. కొట్టు ఆయన ఒరియా మనిషి, అమ్మని 'మావుసీ' అని పిలుస్తాడు. చీటీ తీసుకుని గబగబా చదివేశాడు: "కందిపప్పు కేజీ, చింతపండు పావు, ఆవాలు వంద..." అన్నీ తెలుగు మాటలే, రాసింది మాత్రం ఒరియా అక్షరాల్లో. ఆయనకి వచ్చింది, అమ్మకి రాలేదు. ఇంటికొచ్చే దారిలో అమ్మ ఆ చీటీ మడతపెట్టి కొంగున ముడేసుకుంది. "నా మాటలే, నాకే తెలీకుండా రాసింది చూడే" అంది. కోపంగా అనలేదు. ఆ రోజంతా నాకు వేరే పని మీద మనసు పెట్టబుద్ధి కాలేదు.

వదినని తప్పుపట్టను, స్కూల్లో చెప్పని అక్షరాలు పిల్లకి ఎక్కణ్ణుంచి వస్తాయి? సాయంత్రం మేడ మీద చాప వేసి, పలక తెచ్చి కూర్చోబెట్టాను. మొదట విసుక్కుంది. గుండ్రంగా రాయడం చేతికి అలవాటే కాబట్టి అక్షరాలు తొందరగానే పట్టుకుంది. "అత్తా, ఎ, ఏ రెండెందుకు? మాకు ఒకటే కదా" అంది. మెడ, మేడ రాసి చూపించాను. ఒరియాలో రెండూ ఒక్కలాగే రాయాలి. "అయితే నేను మెడ నొప్పి అని రాస్తే మేడ నొప్పి అయిపోతుందా!" అని పడీపడీ నవ్వింది. పక్కన ఒత్తులు చుడుతున్న అమ్మ కూడా నవ్వింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం తనే పలక తెచ్చేది.

స్నేహితుల విషయానికొస్తే, దయచేసి హోటల్లో అందరూ కలిసే ఏర్పాట్లు పెట్టుకోకండి. మేం పెట్టుకున్నాం. పదిమందిమి వచ్చాం, ఫొటోలు దిగాం, బిల్లు పంచుకున్నాం, ఎవరి కష్టం ఎవరికీ తెలియలేదు. మర్నాడు నేనొక్కదాన్నే నాతో చదువుకున్న ఒకమ్మాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళు ఒరియా వాళ్ళు. వంటింట్లో కింద కూర్చుని పఖాళ (నీళ్ళు పోసి నానబెట్టిన చద్దన్నం), వేయించిన వడియాలు, పచ్చిమిరపకాయ తిన్నాం. తను ఒరియాలో, నేను తెలుగులో, మధ్యాహ్నం మూడు దాకా మాట్లాడుకున్నాం. నిరుడు వాళ్ళ నాన్నగారు పోయిన సంగతి నాకు అప్పుడు తెలిసింది. ముందు రోజు హోటల్లో నా పక్క కుర్చీలోనే కూర్చుంది, అయినా చెప్పుకునే వీల్లేకపోయింది.

టూర్ వెళ్తే చూసినవాటికి ఫొటోలుంటాయి. ఊరెళ్ళకపోతే ఏం పోగొట్టుకున్నామో మనకి తెలియను కూడా తెలియదు. నేను రెండు రోజులకే తిరిగొచ్చి ఉంటే ఆ చీటీ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

జూన్ చివర్లో అన్నయ్య వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. మళ్ళీ సరుకుల చీటీ, ఈసారి తెలుగులో. చింతపండుకి మొదటి సున్నా మర్చిపోతే అమ్మ ఎర్ర పెన్నుతో పెట్టింది. కొట్టు ఆయనకి ఆ అక్షరాలు రావు కదా, అమ్మే నిలబడి ఒక్కొక్కటీ చదివి వినిపించిందట.