మాహూరు రేణుక, మన ఎల్లమ్మ ఒకరేనా?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మా ఇలవేల్పు ఎల్లమ్మ. ఇటీవల మా అబ్బాయి పెళ్లి చేశాము. కొత్త దంపతులను మాహూరు రేణుకాదేవి దర్శనానికి తీసుకువెళ్లాలని మా వియ్యపురాలు పట్టుబడుతున్నారు. రేణుక, ఎల్లమ్మ ఒకరేనా? అక్కడ ముఖం మాత్రమే ఉంటుందట, ఎందుకు? మన పద్ధతిలో ఒడిబియ్యం పోయవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఒకరేనని నిస్సందేహంగా చెప్పవచ్చు. జమదగ్ని భార్యగా, పరశురాముని తల్లిగా పురాణాలు చెప్పే రేణుకనే మన ఊళ్లలో ఎల్లమ్మ అంటారు. అయితే కథ మాత్రం రెండు చోట్లా ఒక్కలాగా లేదు. బైండ్లవారు జమిడిక వాయిస్తూ చెప్పే కథలో తండ్రి ఆజ్ఞ మీద కొడుకు తల్లి తల నరకడమే ప్రధాన ఘట్టం కనుక, మాహూరులో ముఖాన్ని చూసిన మనవాళ్లు అది తెగిన శిరస్సేనని అనుకుంటారు. అక్కడి స్థలపురాణం అలా చెప్పదు. కార్తవీర్యుని వైరంలో జమదగ్ని హతుడైన తరువాత, పరశురాముడు కావడిలో ఒకవైపు తండ్రి దేహాన్ని, మరొకవైపు తల్లిని మోసుకొని ఈ కొండకు వచ్చాడనీ, దత్తాత్రేయుడు దగ్గరుండి అంత్యక్రియలు జరిపించగా రేణుక సహగమనం చేసిందనీ చెబుతారు. తల్లి కోసం విలపిస్తున్న కొడుకుతో, ఆమె భూమిలో నుంచి పైకి వస్తుందని, అంతవరకూ వెనుదిరిగి చూడవద్దని ఆకాశవాణి పలికింది. అతడు ఆగలేక తిరిగి చూశాడు. అప్పటికి ముఖమే పైకి వచ్చింది, అక్కడే నిలిచిపోయింది. సింధూరం పూసిన ఆ పెద్ద ముఖబింబాన్ని మరాఠీవారు 'తాందళా' అంటారు. తల్లిని చంపిన కొడుకు కథ కన్నా, తల్లి కోసం తొందరపడిన కొడుకు కథే నా మనసుకు దగ్గరగా ఉంటుంది.

మహారాష్ట్రలో మూడున్నర శక్తిపీఠాలని లెక్కించేవాటిలో కొల్హాపూర్, తుళజాపూర్‌లతో పాటు మాహూరు ఒక పూర్ణపీఠం. సప్తశృంగి అర్ధపీఠం.

ఒడిబియ్యం విషయంలో మీరు సంకోచించనక్కరలేదు. మరాఠీవారు 'ఓటీ' నింపడం అనేదీ అదే ఆచారం, మాట కూడా దగ్గరిదే. రవికెగుడ్డ, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు, గాజులు, బియ్యమో గోధుమలో అందులో ఉంటాయి. మీరు పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు తీసుకువెళ్లవచ్చు. ఇంట్లో ఆడపడుచుకు పోసినట్లు దోసిళ్లతో అక్కడ పోయడానికి వీలుండదు. వరుసలో తోపులాట ఉంటుంది కనుక అన్నీ రవికెగుడ్డలోనే గట్టిగా మూటకట్టి, కోడలి చేత పూజారికి అందించండి. నైవేద్యానికి పూరణపోళీలు, అంటే మన పోలెలు, శ్రేష్ఠం.

ప్రయాణానికి ముద్ఖేడ్‌లో ఆదిలాబాద్ వైపు వెళ్లే రైలు ఎక్కి కిన్వట్‌లో దిగితే, అక్కడి నుంచి మాహూరుకు రోడ్డు మార్గం ఉంది. మంగళ, శుక్రవారాలు, నవరాత్రులు తప్పించుకుంటే కొత్త జంటకు నెమ్మదిగా దర్శనమవుతుంది. వీలుంటే దత్త శిఖరం, అనసూయ శిఖరం కూడా చూసి రండి. రేణుక కథలో దత్తాత్రేయునికి అంత పాత్ర ఉన్నప్పుడు, కేవలం అమ్మవారిని చూసి వెనుదిరగడం సగం దర్శనమే.

ప్రసాదం సంగతి ముందే తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే అది లడ్డూ కాదు, పులిహోర కాదు. అమ్మవారి నోటిలో ఉంచే తాంబూలమే ప్రసాదం. తమలపాకులను, వక్కను, కాచును రోట్లో వేసి మెత్తగా దంచి ముద్దగా ఇస్తారు. గుడి దారిలోని దుకాణాల నుంచి ఆ దంచుడు చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. పళ్లు లేని పెద్దలు కూడా సులువుగా నోట వేసుకోవచ్చు. ఇంటికి తెచ్చేటట్లయితే మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి, కాగితంలో కడితే ఆ ఎర్రని రసం బట్టలకు అంటి ఒక పట్టాన వదలదు.