తెలిసినవాళ్లు చూస్తారనే భయంతో రెండుసార్లు గేటు దగ్గరి నుంచే వెనక్కి వచ్చాను

మీరు డోన్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నానని, కొన్నేళ్లుగా రోజూ తాగుతున్నానని రాశారు. కర్నూలులో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నడుపుకునే బృందం) మీటింగు ఎలా వెతుక్కోవాలి, అక్కడ మతం మాట్లాడతారా, బడి పిల్లల తల్లిదండ్రులెవరైనా చూస్తే మీ పరువేమిటి అని అడిగారు. నేను ఆదోనివాణ్ణి. పత్తి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. తాగుడు మానేసి ఆరేళ్లు దాటింది.

మీటింగు కంటే ముందు డాక్టరును కలవండి. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేయడం ప్రమాదం. ఒకసారి ఉగాది నుంచి తాగనని ఒట్టు పెట్టుకుని ఇంట్లోనే ఆపేశాను. మర్నాటికి నీళ్ల చెంబు పట్టుకోలేనంతగా చేతులు వణికాయి. రెండో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించాయి. గాలి సోకిందనుకుని మా అమ్మ తాయెత్తు కట్టించింది. అలవాటుపడిన మద్యం అందక మెదడు అదుపు తప్పడమే అదంతా. ఆపిన 6 నుంచి 48 గంటల్లో మూర్ఛలు రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య మతి తప్పి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ రోజుకు ఎంత తాగుతారో ఉన్నదున్నట్టు చెప్పండి. నేను సగమే చెప్పాను, మందులూ ఆ లెక్కకే ఇచ్చారు, ఆ వారం నరకం చూశాను. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416 ఉంది. వ్యసనాలకే ప్రత్యేకించిన ఉచిత నంబరు 14446.

ఇక మీటింగు సంగతి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో చూడండి, వాళ్ల హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి. స్థలం, వేళ మారుతుంటాయి కాబట్టి బయలుదేరే రోజు మళ్లీ కనుక్కోండి. ఆసుపత్రిలో కౌన్సెలరును అడిగినా చెబుతారు, నాకు దారి చూపింది ఆమే. ప్రయాణం కుదరని రోజుల్లో ఆన్‌లైన్ మీటింగులూ ఉంటాయి. కానీ మొదటిసారి మాత్రం మనుషుల మధ్య కూర్చోండి.

ఆదోనిలో అందరికీ తెలిసినవాణ్ణని నేను కర్నూలు మీటింగునే ఎంచుకున్నాను. మొదటి ఆదివారం గేటు దాకా వెళ్లి, ఎదురుగా ఉన్న టీ అంగడిలో గంట కూర్చుని తిరిగి వచ్చేశాను. రెండో వారమూ అంతే. ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా వైన్‌షాపుకు వెళ్లాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చేయి ఆడటం లేదు. మూడోసారి లోపలికి అడుగుపెట్టేసరికి, మా మార్కెట్‌యార్డులో రోజూ చూసే మనిషి బల్ల దగ్గర నిలబడి టీ పోస్తున్నాడు. కాళ్లు చల్లబడ్డాయి. ఆయన ఒక గ్లాసు నా చేతికిచ్చి, 'కూర్చోండి' అన్నాడు, అంతే. తిరుగు ప్రయాణం ఒకే బస్సులో. కోడుమూరు దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఆయన, 'నేను మానేసి నాలుగేళ్లు. మీ సంగతి యార్డులో ఎవరికీ తెలియదు, నా సంగతీ అంతే' అన్నాడు. ఇప్పటికీ అంతే.

లోపల జరిగేది చాలా మామూలు విషయం. పేరు చెబుతారు, ఇంటిపేరు అవసరం లేదు. ఒక్కొక్కరు తమ కథ చెబుతారు, మిగిలినవారు మధ్యలో అడ్డుపడరు, సలహాలివ్వరు. మీరు నోరు విప్పకపోయినా ఫరవాలేదు, నేను నాలుగు వారాలు విన్నాను. రుసుము లేదు. చివర్లో ఒక సంచి తిరుగుతుంది, కొత్తవాళ్లు వేయనక్కరలేదు. బయటివారి విరాళాలు తీసుకోరు. సభ్యత్వానికి కావలసింది మానాలనే కోరిక ఒక్కటే.

మతం గురించి మీ అనుమానం నాకూ ఉండేది. మేం కలిసేది చర్చి ఆవరణలోని గదిలో. అద్దె తక్కువ కాబట్టి అక్కడ, ఇంకేమీ లేదు. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జను, ఇద్దరూ తాగుబోతులే, ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన పని ఇది. తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది, నిజమే. అయితే ఎవరికి అర్థమైన దేవుడు వారికి. మాలో ఐదు పూటలా నమాజు చేసే పెద్దాయన ఉన్నారు. దేవుణ్ణి నమ్మని ఒకాయన, 'ఈ గదే నాకు పెద్ద దిక్కు' అంటారు.

ఒక్క మీటింగుతో తేల్చేయకండి. మొదటి రోజు ఒకరి ఏడుపు చూసి నాకు చిరాకు వేసింది, ఇది నాకు సరిపడదనుకున్నాను. ఐదారు వారాలు వెళ్లండి. మధ్యలో తాగినా సరే, మరుసటి వారం వెళ్లండి. నేను మూడో నెలలో జారాను. తలెత్తుకోలేక నెల రోజులు మీటింగుకు వెళ్లడం మానేశాను, ఆ నెలంతా తాగాను. తిరిగి వెళ్తే, 'వచ్చారా, మంచిది' అన్నారు.

మీ ఇంట్లోవారికి అల్-అనాన్ అని వేరే బృందాలున్నాయి, 1951 నుంచి నడుస్తున్నాయి. మా ఆవిడ ఆన్‌లైన్‌లో చేరింది. నా జేబులు వెతకడం, సీసాలు పారబోయడం ఆపేసింది. మొదట్లో నాకు కోపం వచ్చింది, తర్వాత ఇల్లు తేలికపడింది.

నేను ఇప్పటికీ ఆదివారాలు కర్నూలు వస్తున్నాను. ఏ వారం వస్తారో చెప్పండి. మీటింగుకు పావుగంట ముందు గేటు ఎదుటి టీ అంగడిలో కూర్చుంటాను, కలిసి లోపలికి వెళ్దాం.