డిటెక్టర్‌తో దొరికిన 1780 నాణెం అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: మెటల్ డిటెక్టర్ కూత పెట్టిన చోట తవ్వితే దాదాపు నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న నాణెం దొరికింది. బొమ్మ వైపు ఒక రాణి, బొరుసు వైపు రెండు తలల గద్ద, 1780 అన్న అంకె. అయస్కాంతానికి అంటుకోవడం లేదు. బాగా నల్లబడింది. తోమవచ్చా, అసలుదేనా అని అడిగారు.

దయచేసి తోమకండి. వేలితో కూడా రుద్దకండి, మట్టిలోని ఇసుక రేణువులే వెండిని గీసేస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్ది ఆరనివ్వండి. ఆ నలుపు వెండి మీద గంధకం చర్యతో ఏర్పడే పొర. అది పోతే పరీక్షించేవాళ్లకు ఒక ఆధారం పోయినట్టే.

మీరు చెప్పిన గుర్తులను బట్టి అది ఆస్ట్రియా మహారాణి మరియా థెరిసా పేరిట వచ్చిన థేలర్ అనే పెద్ద వెండి నాణెం రకం. ఆవిడ 1780లో చనిపోయారు. ఆ తర్వాత కూడా వ్యాపారం కోసం అదే సంవత్సరం వేసి వియన్నా, రోమ్, లండన్, బొంబాయి లాంటి చాలా చోట్ల ముద్రిస్తూ వచ్చారు. కాబట్టి అసలుదని తేలినా, అది 1780లోనే తయారైందని చెప్పలేం. ఏ టంకశాలదో, ఏ కాలానిదో బొమ్మలోని చిన్న చిన్న తేడాలను బట్టి నిపుణులు చెప్తారు.

ఇక పరీక్షలు. అయస్కాంతం సంగతి అంత పట్టించుకోకండి. రాగి, ఇత్తడి, సీసం కూడా దానికి అంటుకోవు. తూకం ముఖ్యం. ఈ నాణెం సుమారు 28.07 గ్రాములు ఉండాలి, అందులో వెండి 83.3 శాతం. గ్రాములో నూరో వంతు చూపించే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకీ పక్కలకీ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే నాణెం ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఈ మిశ్రమానికి అది 10.2 దగ్గర ఉండాలి. 9 లోపు వస్తే అనుమానించాల్సిందే. అయితే గాలి బుడగలు అంటుకున్నా, మట్టి గట్టిపడి ఉన్నా అంకె తగ్గిపోతుంది, అందుకే రెండుమూడు సార్లు చూడండి.

నేనైతే ముందు అంచే చూస్తాను. ఈ నాణేనికి అంచు చుట్టూ ఉబ్బెత్తు అక్షరాలు, పువ్వుల్లాంటి అలంకారాలు ఉంటాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో నెమ్మదిగా తిప్పుతూ చూడండి. ఆ అక్షరాలను అడ్డంగా కోస్తూ సన్నని అతుకు గీత వెళ్తుంటే అది రెండు అచ్చుల మధ్య పోత పోసింది. పోత నాణెంలో అక్షరాల మూలలు కరిగినట్టు మొద్దుగా ఉంటాయి, బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ భాగం మీద సూదిమొన ఆనించినంత గుంటలు కనిపిస్తాయి. ముద్ర కొట్టిన దానిలో, బాగా అరిగితే తప్ప, రాణి భుజం మీది ముత్యాలు కూడా విడివిడిగా నిలబడతాయి.

నేలలో దొరికింది కదా, నకిలీ ఎలా అవుతుంది అని చాలామంది అంటారు. ఆ ధీమా వద్దు. నాకు ఒకసారి డినారియస్ అనే పాత రోమన్ వెండి నాణెం దొరికింది, పైకి చక్కని వెండి. అంచు దగ్గర పొర లేచిన చోట భూతద్దం పెడితే లోపల్నుంచి పచ్చని చిలుము పైకి తన్నుకొస్తోంది. రాగి మీద వెండి పూత! మ్యూజియం నాణేల విభాగంలో చూపిస్తే, అది ఆ కాలం దొంగ నాణెమేనని చెప్పారు. నాకు అది అసలు నాణెం కన్నా ఎక్కువ నచ్చింది, ఇప్పటికీ జాగ్రత్తగా దాచుకున్నాను.

ఎక్స్‌రే యంత్రంతో లోహం పరీక్ష చేయించినా ఇదే చిక్కు. అది పైపొరనే చదువుతుంది, మందంగా పూత ఉంటే మోసపోతుంది. అందుకే సాంద్రత లెక్క కూడా పక్కన ఉంచుకోండి.

దొరికిన చోటు, లోతు, పక్కన ఇంకేమైనా ఉన్నాయా అన్నది ఈరోజే రాసి పెట్టుకోండి. తవ్వకంలో దొరికిన పాతవాటిని అధికారులకు తెలియజేయాలని చాలా దేశాల్లో చట్టం ఉంది, మీ ప్రాంతంలో చట్టం ఏం చెబుతుందో అమ్మే ఆలోచనకు ముందే కనుక్కోండి. ఆ తర్వాత బొమ్మ, బొరుసు, అంచు మూడింటికీ పక్క నుంచి లైటు పడేలా ఫొటోలు తీసి, తూకం, సాంద్రతతో కలిపి ఇక్కడ పెట్టండి, చూస్తాను.